ఉమ్మడి గోడకు అటువైపు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీవాడు నీ ఇల్లు పడగొట్టి మేడ కడతానంటున్నాడు. ఇప్పుడు విజయనగరంలో నీలాంటి మేస్త్రీ మాట చెల్లదు. లైసెన్సున్న నాలాంటివాడు ప్లాను గీస్తేనే మునిసిపాలిటీ ఒప్పుకుంటుంది. నువ్వు మన రెండిళ్లకీ కలిపి కట్టిన గోడ కొత్త రూలుకి పనికిరాదట! మధ్యలో మూడడుగులు వదలాలి. ఆ సందు గీయాల్సింది నేనే.

టీకి వచ్చినా ఎప్పుడూ మీ అరుగు దాటని నేను, నిన్న కొలతలకని మీ వంటింట్లోకి వెళ్లాను. రోజూ తాపీ పిడితో గోడ తట్టి, "ఒరే బావా, టీ మరిగినాది, వస్తావేటి?" అని నువ్వు పిలిచే చోట సున్నం రాలి గుంట పడింది.

ఇంటికొచ్చి నా వైపు గోడ తడిమి చూశాను. నున్నగా ఉంది. ఇన్నేళ్లలో నేనొక్కసారీ తట్టలేదు.