30-06 తేదీ కాదు

ఏప్రిల్ 12, 2014, మోంటానా. రాత్రి మంచు కురిసి, పొద్దున ఎండ కాసింది. వాకిట్లో మంచు తీశాను.

బావగారికి,

దుప్పి వేటకు, దూరం కొట్టడానికి ఏ రైఫిల్ కొనాలని మీరడిగితే, నేను 30-06 అని మాత్రం మెసేజ్ పెట్టాను. అది తూటా పేరు, దాన్ని కాల్చే రైఫిల్‌నీ ఇక్కడ అలాగే పిలుస్తారు. అక్క జూన్ ముప్పై అనుకుని ఇక్కడికి రావడానికి మీ ఇద్దరికీ టికెట్లు బుక్ చేసేసింది. నిన్న ఫోన్‌లో, "తేదీ చెప్పావు గానీ తుపాకీ పేరు చెప్పవేంరా? భుజం ఆపరేషనైన మనిషి, కాస్త చూసి చెప్పు" అంది. ఆపరేషన్ సంగతి మీరు నాకు చెప్పనేలేదు.

అందుకే మాట మార్చుకుంటున్నాను. 30-06 భుజాన్ని గట్టిగా తంతుంది. నొప్పికి జంకితే గురి తప్పి, దుప్పి గాయంతో పారిపోతుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే ఇంకో తూటా రైఫిల్ మీకు నయం. తన్ను తక్కువ, మూడువందల గజాల దాకా నమ్మొచ్చు. ఇంకా దూరమైతే మనమే నడిచి దగ్గరికి వెళదాం.

వేట నవంబర్‌లో. అయినా టికెట్లు క్యాన్సిల్ చేయకండి. నా దగ్గర క్రీడ్‌మూర్ ఒకటుంది, జూన్‌లో కాల్చి చూడండి. భుజం ఒప్పుకుంటేనే కొందురుగాని. ఒప్పుకోకపోయినా నవంబర్‌లో రండి, బైనాక్యులర్ మీరు పట్టుకుందురుగాని. ఈ ఇంట్లో తెలుగు వినపడి చాలాకాలమైంది.

పై గది సర్దాలి, ఇక్కడితో ఆపుతున్నాను.