నువ్వు పెట్టిన టంకం

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదైంది. నువ్వు ఎదురుచూసిన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఊరి బయట తెరిచిన్రు. ఆడపిల్లల వేళ్లు సన్నగుంటయని నన్ను గూడ తీసుకున్నరు. రోజూ నాంపల్లి స్టేషన్ కాడికి ఫ్యాక్టరీ బస్సొస్తది.

అబిడ్స్‌ల నీ దుకాణంల కూసోబెట్టి, రేడియో మొత్తం విప్పి బిగించుడు నేర్పినవు గదా. ఫ్యాక్టరీల నాది ఒక్కటే తీగ. సర్క్యూట్ పలక ముందుకొస్తది, నా తీగకు టంకం పెడుత, పోతది. అదేం యంత్రమైతదో తెల్వదు. అడిగితే సూపర్‌వైజర్ "నీ తీగ నువ్వు చూస్కో" అన్నడు. మానేస్తనంటే అమ్మ, "పిచ్చి లేసిందా? నీ జీతం మీదనే ఇల్లు నడుస్తున్నది" అంటది. అదీ నిజమే.

పొద్దున మనింట్ల రేడియో ఆగింది. విప్పి చూస్తే, నువ్వు పెట్టిన టంకమే పగిలింది. కరిగించి మళ్ల పెడితే మోగుతది, జర సేపటి పని. కానీ దానికి నీ చేతి టంకాన్నే కరిగించాలె. ముట్టకుండనే మూత బిగించేసిన.

"ఫ్యాక్టరీల జేస్తవు, గీ రేడియో బాగు చెయ్యరాదా?" అని పక్కింటత్త నవ్వింది.

"రాదత్తా, నాకు ఒక్క తీగే వొస్తది" అన్న.

నీ చెల్లె