వైఫై ఊరందరిదీ, పేరు నాది
మంగళవారం, అనకాపల్లి.

మా కాలేజీ వైఫైకి పాస్‌వర్డ్ లేదు. ఎవరో గోడ పక్కన కూర్చుని, దాంట్లోంచే ఎస్సైగారిని తిడుతూ పోస్టు పెట్టారు. పొద్దున్నే కానిస్టేబుల్ వచ్చేశాడు. కనెక్షన్ ల్యాబ్ ఇన్‌ఛార్జి పేరున, అంటే నా పేరున ఉంది.

"ఏటమ్మా, ఊరందరికీ చలివేంద్రం పెట్టేవా? ఇంకోసారైతే కేసు నీ మీదే," అన్నాడు.

ప్రిన్సిపాల్‌గారు హడలిపోయి, "పాస్‌వర్డ్ పెట్టేయమ్మా. నేనడిగినా చెప్పకు," అన్నారు. పెట్టేశాను.

కాలేజీ వెనకే ప్రిన్సిపాల్‌గారి ఇల్లు. సాయంత్రం వాళ్లావిడ ఫోన్ చేశారు. "అమ్మాయ్, మన వైఫైకి ఏటైంది? సీరియల్ సగంలో ఆగిపోనాది!"

చెప్తే కేసు నాది. చెప్పకపోతే, నా కాంట్రాక్టు పొడిగించాల్సింది సారే. తనడిగినా చెప్పొద్దన్నారు గానీ, ఆవిడ సంగతి అనలేదు.

ఫోన్ మళ్లీ మోగుతోంది. ఆవిడకి ఎస్సైగారి మీద కోపమేమైనా ఉందేమో, ముందు కనుక్కోవాలి...