ఇసుక మీద బంకమట్టి

సంతోష్‌నగర్, హైదరాబాదు
2 నవంబరు 1988

శ్రీహరిరావు గారికి ఇంటి ఓనర్ బాబూమియా సలాం.

మీ ఖైరియత్ తరువాత అడుగుత, ముందు ఒకటి చెప్పండి: నా ఇంటి కింద గ్యాస్ ఉందా? నేల కింద గ్యాస్ వెతికే ఆఫీసర్ అనే మీకు మా ఇంట్ల గది కిరాయికి ఇచ్చిన. మీరు క్యాంపుకు పోయినంక, తాళం వేసిన మీ గదిలోంచి ఒకటే కంపు. కిటికీలోంచి చూస్తే గోడ నిండా రంగు గీతల పటాలు! ఈ నెలాఖరుకు మా బిడ్డ రహీమా నికా. వంట చేసే అబ్దుల్ వాహెద్ వాసన చూసి, ఈ వాకిట్ల పొయ్యి ముట్టించనని పోయిండు.

ఇట్లు, బాబూమియా

తా.క. భయానికి బీడీ బంద్ చేసిన. ఆ కష్టం మీ ఖాతాలోనే.

రాజోలు క్యాంపు
7 నవంబరు

బాబూమియా గారికి నమస్కారం.

మీ ఇంటి కింద ఉన్నది గట్టి రాయి. అందులో గ్యాస్ ఉండదు. ఆ పటాలు గోదావరి సముద్రంలో కలిసే చోటువి. ఒకప్పుడు సముద్రం వెనక్కి పోతే నది ఇసుకను దూరంగా మోసుకెళ్లి పోసింది. సముద్రం మళ్లీ ముందుకొస్తే దానిమీద బంకమట్టి పరుచుకుంది. ఇసుకలో చేరిన గ్యాస్‌ను బంకమట్టి మూతలా ఆపుతుంది. ఆ పొరల వరుస చదివి, తవ్వకముందే గ్యాస్ ఎక్కడుండొచ్చో చెప్పడమే నా పని. గది మాత్రం తెరవకండి.

ఇట్లు, శ్రీహరిరావు

తా.క. కాకినాడ నుంచి మా అమ్మ శారదాంబ గారు వస్తానంటున్నారు. ఆవిణ్ణీ ఆ గదిలోకి పోనివ్వకండి.

సంతోష్‌నగర్
12 నవంబరు

శ్రీహరిరావు గారికి సలాం.

కన్నతల్లికి చూపని గది ఏంది సాబ్? కింద రాయే అయితే భయమెందుకు? ఇల్లు పేలుతదని గల్లీల మస్తు లొల్లి. పెళ్లికొడుకు వాళ్లు నికా చాంద్రాయణగుట్టల వాళ్లింట్లనే పెట్టుకుంటమంటున్నరు. బిడ్డ పెళ్లి నా వాకిట్ల కాకుంటే నేను బతికి ఏం ఫాయిదా? కిరాయిదారు తాళం పగలగొట్టే ఖాందాన్ కాదు మాది. తాళంచెవి పంపండి, లేదా పోలీసుల ముందే తీయిస్త.

ఇట్లు, బాబూమియా

తా.క. మా ఇంటామె జాహెదా నగలు మూటగట్టి అక్క ఇంట్ల పెట్టొచ్చింది. నన్ను మాత్రం ఇంటికి కాపలా పెట్టింది.

రాజోలు క్యాంపు
16 నవంబరు

బాబూమియా గారికి నమస్కారం.

తాళంచెవి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ఒంటరిగా తెరవండి. ఏం కనబడినా అమ్మతో చెప్పకండి, మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు, శ్రీహరిరావు

సంతోష్‌నగర్
21 నవంబరు

బేటా శ్రీహరికి దువా.

మీరు రాసిన వరుసనే పట్టుకొని వెతికిన. మూలకు కుండ. పైన బంకమట్టి మూత, ఎండి పగుళ్లిచ్చింది. కింద ఇసుక. ఇసుకలో కోడిగుడ్లు, కుళ్లి గ్యాస్ అయినయి. మీ చదువు అబద్ధం కాదు! ఊరవతల పూడ్పించిన. వాహెద్ పొయ్యి పెడతానన్నడు. నికా మన వాకిట్లనే, తప్పకుండ రావాలె. అమ్మతో నేనొక్క ముక్క గూడ చెప్పలే, కసం.

ఇట్లు, బాబూమియా

తా.క. చెప్పే పనే పడలేదు. మూత తీసేటప్పటికే ఆమె రిక్షా దిగి నా వెనక నిలబడి ఉంది. "గుడ్డు ముట్టని ఇల్లు మాది. చిన్నప్పుడు బియ్యం డబ్బాలో దాచేవాడు. పెద్ద చదువు చదివాడు కదా, ఇప్పుడు ఇసుకలో దాస్తున్నాడు" అన్నది.