తొమ్మిదో నంబరు మీది తుప్పు

ఏప్రిల్ 3

పంతం నెగ్గించుకున్నాను. మా సెక్యూరిటీ కంపెనీ పిస్తోళ్ళు ఇరవై నాలుగు. బేసి నంబర్లు పన్నెండింటికి పాత బ్లూయింగ్ పూత, సరి నంబర్లు పన్నెండింటికి కొత్త కోటింగ్. మూడు నెలలు గార్డులు మోస్తారు, నెలనెలా నేను చూస్తాను, ఏ పూత గట్టిదో రిపోర్ట్ రాస్తాను. ఏది గెలుస్తుందో నాకు ముందే తెలుసు. రిపోర్ట్‌లో ఈ మాట రాయకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మిస్త్రీగారు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్ళుగా మరిగే ఉప్పుల తొట్టె ముందు నిలబడి, ఉక్కుకి ఆ నీలినలుపు రంగు తెచ్చిన మనిషి. కొత్తదానికి తొట్టే లేదు, స్ప్రే కొట్టి ఓవెన్‌లో పెడితే అయిపోయింది. మూడు నెలలూ గార్డులెవరూ నూనె రాయకూడదని రూల్ పెట్టాను. నూనె లేకుండా బ్లూయింగ్‌ని పరీక్షించడమంటే ఉపవాసం ఉన్నవాణ్ణి కుస్తీకి దింపడమేనమ్మా అన్నారు. రూల్ ఇద్దరికీ ఒకటేగా అన్నాను. అవునవును, ఒకడికి అసలు ఆకలే వెయ్యదు అన్నారు.

చీటీలు తీశారు. ఎవరికి ఏ నంబరు వచ్చిందో సూపర్‌వైజర్ రాసుకుని కవర్లో పెట్టి సీలు వేశాడు. ఆ లిస్టు గానీ, పిస్తోళ్ళు ఇచ్చే కిటికీ దగ్గరి రిజిస్టర్ గానీ నా కంట పడనివ్వరట. గార్డుల్లో మా బావ ఉన్నాడు కదా, పక్షపాతం చూపిస్తానని భయం.

అక్క మొగుడు కాబట్టి బావ, నాకీ ఉద్యోగం వేయించాడు కాబట్టి గురువు కూడా. చీటీ విప్పి చూసి, మీకందరికీ కొత్త పెళ్ళాలు, నాకు మాత్రం పాత పెళ్ళామే రాసిపెట్టి ఉందర్రా అన్నాడు. గదంతా గొల్లుమంది. అక్కతో చెప్తానుండు అన్నాను. చెప్పు మరదలా, పాతదే గట్టిదన్నానని కూడా చెప్పు అన్నాడు. ఈ మనిషి ఉన్నచోట ఎవరూ మొహం మాడ్చుకుని ఉండలేరు. మౌని ఒక్కడు తప్ప. భార్య పోయినప్పటి నుంచి నోరు విప్పడు కాబట్టి ఆ గార్డుకి ఆ పేరు స్థిరపడిపోయింది.

ఏప్రిల్ 6

తుప్పు ఎంత తొందరగా పడుతుందో చూద్దామని ఉప్పునీటి పెట్టెలో ఉక్కు రేకులు వేలాడదీశాను. పాత పూతవి ఆరు, కొత్తవి ఆరు.

ఏప్రిల్ 8

పాత రేకులు ఆరూ రెండు రోజులకే ఎర్రబడ్డాయి. మిస్త్రీగారు చూసి, పిస్తోలుని సముద్రంలో ఎవడు మోస్తాడమ్మా అని విసుక్కుని వెళ్ళిపోయారు. జాలేసింది, కానీ నవ్వు కూడా వచ్చింది.

ఏప్రిల్ 29

కొత్త రేకులు ఇంకా పెట్టిన రోజు పెట్టినట్టే ఉన్నాయి. బోరు కొడుతోంది.

మే 4

మొదటి తనిఖీ. పొద్దున్నే ఇరవై నాలుగూ నా బల్ల మీదికి వచ్చాయి. వాటి బదులు గార్డులకి ఈ ఒక్కరోజుకీ స్పేర్ పిస్తోళ్ళు ఇచ్చి పంపారు.

కొత్తవాటి గురించి రాయడానికేమీ లేదు. ఒక్క గీత లేదు, మరక లేదు. పాతవాటికి నడుముకి కట్టే తోలు హోల్‌స్టర్ రాసుకున్న అంచుల్లో తెల్లగా ఉక్కు బయటపడింది. తొమ్మిదో నంబరు మాత్రం ఘోరం. పిడి పైన, అరచెయ్యి తగిలే చోటల్లా తుప్పు. నూటికి ఒకడికి అలాంటి చెయ్యి ఉంటుందమ్మా, వాడి చెమట ఇనుముని తినేస్తుంది అన్నారు మిస్త్రీగారు. పాపం, ఆ చెయ్యి వచ్చి వచ్చి ఆయన పూతకే పడింది. కామెంట్స్‌లో 'చెమట చెయ్యి' అని రాసి, తుప్పు తుడిచి తిప్పి పంపాను.

జూన్ 5

రెండో తనిఖీ. కొత్తవి శుభ్రం. తొమ్మిదికి ఈసారి పిడి దగ్గర తక్కువ, ముందువైపు ఎక్కువ. గొట్టం మూతి చుట్టూ చిన్న చిన్న తుప్పు చుక్కలు. చెయ్యి అక్కడికెందుకు పోతుంది? హోల్‌స్టర్ అడుగున తేమ చేరి ఉంటుంది. అదే రాశాను. తుడిచి, కొత్త హోల్‌స్టర్ ఇమ్మని చీటీ పంపాను.

జూన్ 14, ఆదివారం

అక్క వాళ్ళింట్లో భోజనం. బావ మా సూపర్‌వైజర్ తుమ్మితే కళ్ళజోడు ఎలా ఎగురుతుందో చేసి చూపించాడు. నవ్వీ నవ్వీ నాకు పొరబోయింది. వంటింట్లో అక్క గొప్పగా చెప్పింది, ఈమధ్య మీ బావకి డ్యూటీ మీద శ్రద్ధ పెరిగిందే, అలారం లేకుండా లేచి అరగంట ముందే వెళ్ళిపోతున్నాడు అని. ప్రమోషన్ మీద కన్నేశాడేమో అన్నాను.

జూలై 3, ఉదయం 11

అక్షరాలు సరిగ్గా రావట్లేదు. అయినా రాస్తాను, రాస్తే తప్ప నమ్మలేను.

చివరి తనిఖీ. తొమ్మిదికి కొత్త హోల్‌స్టర్ ఇచ్చాం కదా. తుప్పు మళ్ళీ అక్కడే. మూతి చుట్టూ. లెన్స్ కింద పెట్టి చూశాను. చుక్కలు కావు. ఒకవైపు వరసగా నాలుగు మరకలు, రెండోవైపు ఒకటి. తేమ ఇలా లెక్కగా కూర్చోదు. ఇవి వేళ్ళు.

ఎలా పట్టుకుంటే ఇలా పడతాయో చూద్దామని గ్లవ్ తీసి, మరకల మీద నా వేళ్ళు పెట్టాను. కుదరలేదు. ఎడమ చేతికి మార్చాను. కుదరలేదు. పిస్తోలుని నావైపు తిప్పుకున్నాను.

కుదిరింది. అయిదు వేళ్ళూ అతికినట్టు కుదిరాయి. గొట్టం సూటిగా నా గుండెకి ఎదురుగా ఉంది. ఖాళీది, ఖాళీదని రెండుసార్లు చూశాను. అయినా గబుక్కున బల్ల మీద పెట్టేశాను.

ఒకసారి పట్టుకుంటే పడే మరక కాదిది. రోజూ పట్టుకున్నాడు. రోజూ. నేనేమో నెలనెలా శుభ్రంగా తుడిచి, అతని చేతికే తిరిగి ఇచ్చాను. తేమ అని రాశాను. దేవుడా, తేమ అని రాశాను.

అతనిప్పుడు బయట ఎక్కడో ఉన్నాడు. నడుముకి స్పేర్ పిస్తోలు ఉంది.

జూలై 3, 11:50

సూపర్‌వైజర్ మీటింగులో ఉన్నాడట. ఫోన్ ఎత్తడు. లిస్టు అతని బీరువాలో ఉంది.

నాకు లిస్టు దేనికి? మౌనియే. ఇంకెవరు ఉంటారు? వెనక గేటు డ్యూటీ. పోతున్నాను.

జూలై 3, 12:30

మౌని కాదు.

గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఏం మాట్లాడాలో ముందు అనుకోలేదు. మీరు ఎలా ఉన్నారు అన్నాను. తర్వాత ఆగలేక, తొమ్మిదో నంబరు మీదేనా అని అడిగేశాను. ఆయన, నాది ఆరమ్మా, కొత్త పూతది అన్నాడు. ఎందుకో అడగలేదు. నేను లేవబోతుంటే, మా ఆవిడ పోయి రెండేళ్ళు, నన్ను ఎలా ఉన్నావని అడిగింది నువ్వే అన్నాడు. కాసేపు అక్కడే కూర్చుని ఉండాల్సింది. కూర్చోలేదు. పరిగెత్తుకొచ్చాను.

జూలై 3, 1:10

మీటింగు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. అందరూ నోళ్ళు తెరిచారు. సూపర్‌వైజర్‌ని చెయ్యి పట్టుకుని బీరువా దాకా లాక్కొచ్చాను. సీలు తీస్తే టెస్ట్ చెల్లదమ్మా అంటున్నాడు. కవరు లాక్కుని నేనే చింపాను.

తొమ్మిది. బావ.

జూలై 3, సాయంత్రం

మెదడు మొద్దుబారిపోయింది. వరసగా రాస్తాను.

సూపర్‌వైజర్ మంచివాడే. ఒక్క ప్రశ్న వెయ్యకుండా, బావ డ్యూటీ మీద వెళ్ళిన వ్యాన్‌కి వైర్‌లెస్‌లో చెప్పాడు, మీకిచ్చిన స్పేర్‌లో లోపం ఉంది, వెంటనే తిరిగి రండి అని. వ్యాన్‌లో బావతో పాటు డ్రైవరూ ఇంకో గార్డూ ఉన్నారు. నలభై నిమిషాలు. ఆ ఇద్దరూ అతని పక్కనే ఉన్నారని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

బావ ఈల వేసుకుంటూ వచ్చాడు. స్పేర్ తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని లాక్కుని సొరుగులో పెట్టి తాళం వేశాకే నాకు ఊపిరాడింది. ఏంటి మరదలా, నా పాత పెళ్ళాం గానీ కంప్లైంట్ ఇచ్చిందా అన్నాడు.

తొమ్మిదిని లెన్స్ కింద పెట్టి, ఆ మరకల మీద నా వేళ్ళు పెట్టి చూపించాను.

నవ్వు అతని మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. అంత భయంకరమైనది నేనింతవరకూ చూడలేదు. తర్వాత నెమ్మదిగా గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు.

ఎందుకు అన్నాను. కారణమేమీ లేదన్నాడు. ఉంటే దానితో పోట్లాడేవాణ్ణి కదా అన్నాడు. అప్పుల్లేవు, జబ్బుల్లేవు, మీ అక్క మీద కోపం లేదు, పొద్దున లేచేసరికి లోపలంతా చీకటిగా ఉంటుంది, అంతే అన్నాడు. రోజూ లాకర్ల గదిలో ఓ పావుగంట దాన్ని పట్టుకుని కూర్చుంటాడట. ఇవాళ కాదులే అనుకుని లేస్తాడట. బయటికొచ్చి ఎవరు ఎదురైతే వాళ్ళ మీద ఒక జోకు వేస్తాడట.

నేను ఏడవలేదు. తిట్టాను. నోటికి ఎంతొస్తే అంత తిట్టాను. సన్నాసీ అన్నాను, దగుల్బాజీ అన్నాను, బావ అన్న మర్యాద కూడా చూడలేదు. తల వంచుకుని విన్నాడు. చివరికి, మీ అక్కకి చెప్పకు అన్నాడు. సరేనన్నాను. ఇంటికి తీసుకెళ్ళి అతని ఎదుటే చెప్పాను.

అక్క అరవలేదు. త్వరగా వెళ్ళాలన్నాడని నేను క్యారేజీ కూడా అరగంట ముందే సర్ది ఇచ్చానే అంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. ఎవరితో అంటోందో తెలియలేదు.

జూలై 4

డ్యూటీకి వెళ్ళలేదు. బావ పడుకున్నాడు. మేమిద్దరం వంతులవారీగా కూర్చున్నాం.

జూలై 6

డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఇలాంటివాళ్ళు చాలామంది వస్తారనీ, మందులున్నాయనీ, మాట్లాడాలనీ, టైం పడుతుందనీ చెప్పింది. బావ అక్కడా ఒక జోకు వేశాడు. ఆవిడ నవ్వలేదు, తర్వాత చెప్పండి అంది. బయటికొచ్చాక, ఎవరూ నవ్వకపోతే ఎంత హాయిగా ఉందే అన్నాడు.

ఆయుధం పట్టే డ్యూటీ తీసేశారు. సెలవయ్యాక స్టోర్స్‌లోకి. కంపెనీలో సంగతి సూపర్‌వైజర్‌కీ, నాకూ, నేను చెప్పిన మిస్త్రీగారికీ తప్ప ఎవరికీ తెలియదు.

జూలై 11

ఇవాళ మిస్త్రీగారితో గొడవ పెట్టుకోవాలని వెళ్ళాను. ఎందుకో తెలియదు, ఎవరితోనైనా పెట్టుకోవాలి. ఆయన తొట్టె ఖాళీ చేస్తున్నారు. బ్లూయింగ్ ఆపేస్తామని పైనుంచి చెప్పేశారట, నా రిపోర్ట్ ఇంకా పూర్తి కాకుండానే.

పాత పూత మనిషిని చెప్పేస్తుందమ్మా అన్నారు. రంగు పోయిన చోటు చూసి ఎవడిది ఎడమచెయ్యో, ఎవడు ఊరికే బయటికి తీసి షో చేస్తాడో పట్టేసేవారట. అయితే ఇలాంటిది ముందెప్పుడైనా చూశారా అన్నాను. మాట వరసకి అడిగాను.

చూశానమ్మా, ఒకసారి అన్నారు. చాలా ఏళ్ళ కిందటట. మూతి దగ్గర ఇలాగే అయిదు మరకలట. చూడగానే అర్థమైందట. మరేం చేశారు అన్నాను. నా పని చేశానమ్మా, గీకి, మెరుగు పెట్టి, మళ్ళీ కొత్తదానిలా చేసి ఇచ్చేశాను అన్నారు. మనకెందుకులే అనుకున్నారట.

ఆ మనిషి ఏమయ్యాడని అడిగాను. మిస్త్రీగారు తొట్టె కడుగుతూనే ఉన్నారు.

నేను చేసింది వేరే ఏమిటి? ఆయన తెలిసి తుడిచారు, నేను తెలియక తుడిచాను. మూడోసారి నా అదృష్టం, అంతే.

జూలై 13

రిపోర్ట్ రాశాను. ఒక్క అబద్ధం లేదు. తుప్పు, గీతలు, ఉప్పునీరు, చెమట, అన్నిటికీ కొత్త కోటింగే మేలు. ఇరవై నాలుగింటికీ అదే వెయ్యమని సిఫార్సు చేసి సంతకం పెట్టాను.

పెట్టాక, సరి నంబర్లు పన్నెండూ మరోసారి బల్ల మీదికి తెప్పించాను. లెన్స్ కింద ఒక్కొక్కటీ చూశాను. మౌనిది కూడా. మూడు నెలలు మనుషులు మోసిన వస్తువులు. ఒక్క వేలు కనబడలేదు. ఒళ్ళంతా చెమట పట్టేసింది.

జూలై 15

లిస్టు మళ్ళీ ఇమ్మంటే, టెస్ట్ అయిపోయిందిగా ఇంకా దేనికన్నాడు సూపర్‌వైజర్. భోజనానికి అన్నాను.

ఇవాళ రెండో నంబరు గార్డు పక్కన నా బాక్సు తెచ్చుకుని కూర్చున్నాను. ఎలా ఉన్నావన్నాను. బాగానే ఉన్నానన్నాడు. ఇంకోసారి అడిగాను. బాక్సు మూత పెట్టేసి, ఆ తలుపు కాస్త వెయ్యండి అన్నాడు.