అత్త తెచ్చిన గ్లాసు

బావా,

కిడ్నీలు పాడై నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. విశాఖ నుంచి వచ్చిన సైకిల్ యాత్రికులకు నువ్వు చూపించిన దారే చూపించాను. నీ సైకిల్ మీదే ముందు సాగి, మందస కొండల అడవి దిగి, మహేంద్రతనయ ఒడ్డు వెంట కొంత దూరం వచ్చి, కవిటిలో మీ ఇంటికి తీసుకొచ్చాను.

మీ అమ్మ అందరికీ గ్లాసులు తెచ్చింది. ఉద్దానం నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయని వాళ్లు జంకారు. వాళ్ల ముందు తెలివైనవాణ్ణి అనిపించుకోవాలని నేనే మొదట గ్లాసు పక్కన పెట్టి, నా సీసా మూత తీశాను.

"బోరు నీళ్లు కాదు నాయనా," అంది అత్త. "నా కొడుకు పోయాక ఆ నీళ్లు ఎవలికైనా ఇత్తానేటి? బొండాలు కొట్టించి పోసినాను."

వాళ్లు తాగి, మళ్లీ అడిగారు. నేను మాత్రం నీ సైకిల్ దగ్గర వంగి, ఊడని చైను ఎక్కిస్తూ ఉండిపోయాను.