రాతిగోడ మీద కూర్చున్న మనిషి

ఆదివారం రాత్రి, ఆడమ్స్‌టౌన్, ఐర్లండ్

ఇంగ్లండ్ పల్లెల నడక ముగించుకొని సాయంత్రమే ఇల్లు చేరాం. మా ఆయన పడుకున్నారు. నాకింకా ఆ రాతి ఇళ్ళూ, గొర్రెల మధ్య కాలిబాటలే కళ్ళ ముందున్నాయి.

నిన్న మా గుంపును నడిపిస్తున్న గైడ్ ఒక పాత చర్చి కథ చెబుతుంటే వింటూ నడిచాను. వెనక్కి తిరిగితే ఆయన లేరు. ఆయనకు గుండె ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటి ప్రయాణం. వచ్చిన దారినే పరుగెత్తాను. మలుపులో ఒక రాతిగోడ మీద కూర్చొని, తీరిగ్గా ఊరిని చూస్తున్నారు.

"ఏమైంది? నొస్తుందా?"

"ఏం లేదు, జర ఆయాసమొచ్చి కూసున్న. గట్ల ఉరికొచ్చినవేంది?"

"మీరు కనబడకపోతే పానం పోయినట్టయింది."

పెళ్ళైన కొత్తలో సుల్తాన్ బజార్‌లో ఆయనెప్పుడూ నాకంటే ముందే నడిచేవారు. ఆ జనంలో ఆయన నీలం చొక్కా కనబడకపోతే నాకు ఏడుపొచ్చేది. చెబితే నవ్వేసేవారు.

"సుల్తాన్ బజార్ల నీకు గిట్లనే అనిపించేదా?" అన్నారు మెల్లగా.

అవునన్నాను. ఆయన లేచి నా చెయ్యి పట్టుకున్నారు. నలుగురిలో అలా పట్టుకోవడం ఇదే మొదటిసారి. వెతుక్కుంటూ వచ్చిన గైడ్ ఎలా ఉందని అడిగితే, ఆయన ఐర్లండ్ అలవాటు కొద్దీ "గ్రాండ్" అన్నారు, అంటే బాగానే ఉందని. మిగతా దారంతా అందరికన్నా వెనకే, ఒకరి పక్కన ఒకరం నడిచాం.

చెయ్యి పట్టుకుంటే బాగానే ఉంది. కానీ వచ్చే నెల చెకప్‌లో డాక్టర్లు ఏమంటారో... ఆయన మళ్ళీ సుల్తాన్ బజార్‌లో లాగా నాకంటే ముందు గబగబా నడిస్తే చాలు, ఈసారి ఏడవను.